బహార్ లాడ్జికి ఇప్పుడు రాకుండ్రి

ఆదిలాబాద్ బస్టాండు వెనక సందులో బహార్ లాడ్జి అని ఒకటుంది. పది గదులు, ఒక డాబా, గేటు పక్కన చాయ్ తాగడానికి రెండు సిమెంటు బెంచీలు. లోకంలో లాడ్జి పెట్టుకున్నవాళ్ళంతా ఫోన్ మోగగానే "రండి, రండి" అంటారు. బహార్ లాడ్జి ఓనర్ మహమూద్ చాచా ఒక్కడే "ఇప్పుడు రాకుండ్రి" అంటాడు.

గదులు ఖాళీ లేక కాదు. మనుషులంటే గిట్టకా కాదు. ఆయన భయం ఒక్కటే. మీరు తప్పు నెలలో వచ్చి, తప్పు బట్టలు తెచ్చుకుని, రెండు రోజులు అవస్థపడి, ఇంటికెళ్ళి "ఆదిలాబాద్ ఏం బాగాలేదు" అంటారేమోనని. ఆ మాట ఎవరైనా అంటే ఆయనకు అన్నం సయించదు. అందుకే ఎప్పుడు రావాలో, ఏమేం తెచ్చుకోవాలో చెప్పకుండా ఎవరికీ గది ఇవ్వడు.

నేను మెడికల్ రెప్‌ని. ఉండేది కరీంనగర్, సొంతూరు హుస్నాబాద్ దగ్గర. ఎనిమిదేళ్ళ కింద కంపెనీ నాకు ఆదిలాబాద్ కూడా అప్పజెప్పింది. ఎవరో నంబరిస్తే బహార్ లాడ్జికి ఫోన్ చేశాను.

"వచ్చే సోమవారం నుంచి మూడు రోజులు రూమ్ కావాలె."

"జనవరిలనా?" అవతలి గొంతులో నిజంగానే కంగారు. "ఇప్పుడు రాకు బేటా. పొద్దుగాల బకీట్ల చెయ్యి పెడితే, బయటికి తీసినంక గా చెయ్యి మనదేనా అని చూసుకోవాలె. నవంబర్‌ల రా."

"నవంబర్ అయిపోయింది గదండీ."

"మల్ల వస్తది గద. ఏడికి పోతది?"

"నాది డ్యూటీ చాచా. కంపెనోళ్ళు పంపుతున్నరు."

"కంపెనోళ్ళ నంబర్ ఇయ్యి. నేను మాట్లాడ్త."

నంబరు ఇవ్వనన్నాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు. "సరే, తప్పదంటే రాసుకో. పెన్నున్నదా?"

"ఉన్నది" అన్నాను. లేదు.

"స్వెటర్లు రెండు. ఒకటి ఏసుకోనీకె, ఇంకోటి దాని మీద ఏసుకోనీకె. మఫ్లర్ ఒకటి. మంకీ క్యాప్ ఒకటి. షరమ్ పడకు, ఈడ పెండ్లికొడుకులు గూడ పెట్టుకుంటరు. సాక్స్‌లు మూడు జతలు. కొబ్బరినూనె సన్నమూతి సీసల తేకు, గడ్డ గడ్తది. ఎడల్పు మూతి డబ్బల తే, చెంచతోని తీసుకోవచ్చు. రాసినవా?"

"రాసిన."

"సదువు."

ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ పోయిందని తరువాత చెప్పాను. ఆయన నమ్మలేదని ఇప్పటికీ నా అనుమానం.

సోమవారం తెల్లవారుతుండగా బస్సు దిగాను. ఒంటి మీద ఒక పొట్టి చేతుల స్వెటరు. సందులోకి వచ్చేసరికి నా పళ్ళు వాటంతటవే మాట్లాడుకుంటున్నాయి. కౌంటర్ వెనక శాలువాలూ స్వెటర్లూ కుప్పపోసినట్టు ఏదో కనిపించింది. అందులోంచి తెల్ల మీసం, రెండు కళ్ళు బయటికి వచ్చాయి.

"లక్ష్మణ్ నువ్వేనా? బ్యాగు ఇటు తే."

విమానాశ్రయంలో కూడా నా బ్యాగును అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. "మఫ్లర్ ఏది? రెండో స్వెటర్ ఏది? గిదేంది, చేతిరుమాళ్ళు ఆరా? ఆరు రుమాళ్ళతోని ఏం జేస్తవు, కుట్టుకుని కప్పుకుంటవా?" అంటూ ఒక్కొక్కటీ కౌంటర్ మీద పెట్టాడు. చివరికి కొబ్బరినూనె సీసా దొరికింది. సన్నమూతి సీసా. మూత తీసి తలకిందులుగా పట్టుకున్నాడు. చుక్క రాలలేదు. డాక్టరు ఎక్స్‌రే చూపించినట్టు నా కళ్ళ ముందు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఏడు గంటలకు వేడినీళ్ళ బకెట్‌తో తలుపు కొట్టాడు. "మాఫ్ చెయ్యి బేటా. ఇయ్యాల ఏడు డిగ్రీలే."

ఆ వాలకం చూస్తే, ఆ చలిని రాత్రి ఆయనే పొరపాటున ఊరి మీదికి వదిలేసినట్టుంది. తరువాత తెలిసింది, ఎండ కొట్టినా, వాన పడినా, ఈదురుగాలి వీచినా ఆయన గది గదికీ వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటాడని. ఆదిలాబాద్ వాతావరణం మొత్తం తన పేరు మీదే రిజిస్టరై ఉందని ఆయన నమ్మకం.

*

"చాచా, అసలు ఈ ఊరికి ఎప్పుడు రావాలె?" అని ఒకసారి అడిగాను. ఈ ప్రశ్న కోసం ఆయన పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నట్టు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"సూడు బేటా. అన్ని ఊర్లకు మూడు కాలాలు. మా ఆదిలాబాద్‌కు నాలుగు."

"నాలుగోది ఏంది?"

"గదే మంచి కాలం. పదకొండు రోజులుంటది. నవంబర్ తొమ్మిది నుంచి పంతొమ్మిది దాక. పొద్దుగాల ఒక్క స్వెటర్, పగటీలి ఉత్త అంగి, పొద్దుగూకినంక పలుచని శాలువ. చేన్లల్ల పత్తి తెల్లగ విచ్చుకుంటది. సీతాఫలాలు ఆఖరు గంప వస్తది. గాలి ఎట్లుంటదంటే, పీల్చుకున్నంక మల్ల వదలబుద్ధి కాదు."

"మరి తక్కిన మూడు వందల యాభై నాలుగు రోజులు?"

"తయారైతుంటది" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ పదకొండు రోజుల్లో బహార్ లాడ్జికి పనిమీద వచ్చినవాడు పనిచేసి పోయిన దాఖలా లేదు. రెండో ఏడు నేను పొరపాటున నవంబర్ పన్నెండున వెళ్ళాను. డాక్టర్లను కలవాలని బ్యాగు తగిలించుకుని బయటపడితే, స్కూటర్ స్టార్ట్ చేసి గేటుకు అడ్డంగా పెట్టి ఉన్నాడు.

"ఎక్కు."

"పది గంటలకు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది చాచా."

"డాక్టర్ ఏడాదంత ఉంటడు. గీ గాలి ఇంక ఏడు రోజులే."

మధ్యాహ్నం దాకా పత్తి చేన్ల మధ్య తిప్పాడు. ఆ నెల నా టార్గెట్ సగం కూడా కాలేదు. ఆఫీసుకు రాసే రిపోర్టులో కారణం అనే గడి దగ్గర చాలాసేపు ఆలోచించి, "వాతావరణం" అని రాశాను.

వానాకాలం సంగతి వేరు. ఒక ఆగస్టులో హనుమండ్లు సారని ఒక స్కూలు ఇన్‌స్పెక్షన్ అధికారి గది కోసం ఫోన్ చేశాడు. నేను కౌంటర్ దగ్గరే కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"ఇప్పుడు రాకుండ్రి సార్... తప్పదా? అయితే రాసుకోండ్రి. గొడుగు పెద్దది. వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఫోన్‌కు ప్లాస్టిక్ కవర్. అన్నిటికన్న ముఖ్యం, తెల్ల ప్యాంటు మాత్రం వద్దు. మాది నల్లరేగడి. ఒకసారి అంటిందంటే గా ప్యాంటును చేన్ల కిందికే రాసియ్యాలె."

హనుమండ్లు సార్ తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లతో దిగాడు. బస్టాండు నుంచి లాడ్జికి రెండు వందల అడుగులు. నూట యాభయ్యో అడుగులో జారాడు. లోపలికి వచ్చిన మనిషిని ముందు నుంచి చూస్తే అధికారి, వెనక నుంచి చూస్తే చేను.

చాచా "నేను చెప్పిన గద" అనలేదు. అది ఆయన గొప్పతనం. పరుగున వచ్చి "మాఫ్ చెయ్యిండ్రి సార్, మా మట్టికి జర దోస్తీ ఎక్కువ" అన్నాడు. గంటలో ఇన్‌స్పెక్షన్. సారు బ్యాగులో ఉన్న రెండో ప్యాంటు కూడా తెల్లదే. చాచా తన పఠానీ లాల్చీ పైజామా ఇస్త్రీ చేసి ఇచ్చాడు. చాచా ఐదడుగుల రెండంగుళాలు, హనుమండ్లు సారు ఆరడుగులు. పైజామా మోకాలు దాటి కొంచెం దూరం వచ్చి ఆగిపోయింది. స్కూల్లో పిల్లలు ఆయన్ని కొత్త పీటీ సారనుకుని గ్రౌండులో వరుసగా నిలబడ్డారట.

*

ఇదంతా చాచాకు ముచ్చటే గానీ, బిస్మిల్లా బీ చాచీకి కాదు. వంటిల్లు, లెక్క, శుభ్రం అన్నీ ఆమెవే. ఒకరోజు నా ముందు చాయ్ కప్పు టక్కున పెట్టి అంది.

"నువ్వే చెప్పు లక్ష్మణ్. బట్టల దుకాణపాయన బట్టలు కొనకుండ్రి అంటడా? మిఠాయి దుకాణపాయన షుగర్ వస్తది పొండ్రి అంటడా? గీ మనిషి ఒక్కడే లాడ్జి పెట్టి రాకుండ్రి అంటడు!"

"నేనేమన్న అబద్ధం జెప్తున్ననా?" అన్నాడు చాచా.

"నిజం జెప్పనీకె రేడియో ఉన్నది. నువ్వు గదులియ్యి."

ఒకసారి కోపమొచ్చి చాచీ ఫోన్ తన దగ్గరే పెట్టుకుంది. మే నెల. ఎవరు అడిగినా "రండి, రండి" అంది. గదులన్నీ నిండాయి. మూడో రోజుకు చాచా సగమైపోయాడు. గంటకోసారి తలుపులు కొట్టి "నలభై నాలుగు, మాఫ్ చెయ్యిండ్రి", "నలభై ఐదు, మాఫ్ చెయ్యిండ్రి" అని తిరుగుతూ, పడుకున్నవాళ్ళను కూడా లేపి మజ్జిగ తాగించాడు. నాలుగో రోజు చాచీ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "వచ్చినోళ్ళు మంచిగనే ఉన్నరు. గీయనే దవాఖానల పడెటట్టున్నడు" అంది.

ఈమధ్య ఎవరో ఆ లాడ్జి గురించి ఫోన్లో అభిప్రాయం కూడా రాశారు. "ఓనరే రావద్దన్నాడు. వచ్చాం. ఆయన చెప్పిందే నిజం. ఐదు నక్షత్రాలు."

*

రెండేళ్ళ కింద మే నెలలో, నేను శ్రీరాంపూర్‌లో ఒక క్లినిక్ బయట కూర్చుని ఉండగా మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పోశవ్వత్త. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. వాళ్ళాయన అంతయ్య మామ తాపీపని చేస్తాడు. అంతకు నెల ముందే ఆదిలాబాద్‌లో ఏదో ఇల్లు కడుతుంటే మేస్త్రీతో కలిసి వెళ్ళాడు.

"లక్ష్మణ్, మీ మామ గోడకు కట్టిన గోవ కర్రల మీదికెల్లి పడ్డడట బిడ్డా. తొడబొక్క ఇరిగిందట. ఆదిలాబాద్ దవాఖానల ఏసిన్రట. ఎల్లుండి ఆపరేషనట." ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "నేను కరీంనగర్ దాటి ఎన్నడు పోలే. నీకు గా ఊరు ఎరుకే గద. ఏడుండాలె? ఎట్ల పోవాలె?"

దవాఖానకు దగ్గరున్నది బహార్ లాడ్జే. కానీ మే నెల. చాచా సంగతి తలుచుకుంటే నాకు చెమట పట్టింది. ఈ స్థితిలో ఉన్న మనిషితో "ఇప్పుడు రాకు చెల్లె, నవంబర్‌ల రా" అన్నాడంటే ఏమవుతుంది? ముందు నేను మాట్లాడి హెచ్చరించాలనుకున్నాను. అత్త ఆగలేదు. "ఇప్పుడే కలుపు బిడ్డా, నేనే అడుగుత" అంది. కలిపాను. ముగ్గురం ఒకే లైన్లో ఉన్నాం.

"చాచా, నేను లక్ష్మణ్‌ను. మా ఊరి పోశవ్వత్త మాట్లాడుతది. ఆమెకు..."

నేను పూర్తి చేసేలోపే అత్త అందుకుంది. "అన్నా, నా పేరు పోశవ్వ. మా ఇంటాయన కాలిరిగి మీ ఊరి దవాఖానల ఉన్నడు. ఒక్కదాన్నే వస్తున్న. ఒక రూమ్ గావాలె. ఎండలు బగ్గ కొడ్తున్నయంటరు గద అన్నా. ఏమేం తెచ్చుకోవాల్నో జెప్పు."

ఏమేం తెచ్చుకోవాలో చెప్పమని మహమూద్ చాచాను అడగడం! నేను కళ్ళు మూసుకున్నాను.

అవతల చప్పుడు లేదు. లైను కట్టయిందేమోనని ఫోన్ వంక చూశాను. కాలేదు. సెకన్లు పోతూనే ఉన్నాయి.

"ఎండలా?" అన్నాడు చాచా చివరికి. "ఎవలు జెప్పిన్రు చెల్లె నీకు? మా ఆదిలాబాద్‌కు గిదే మంచి సీజన్."



"నిజమా అన్నా?"

"నిజం కాకపోతేంది? చెట్లు, గాలి, మస్తు సల్లగుంటది. రేపే రా."

"మరి ఏం తెచ్చుకోవాలె?"

"ఏం తేకు. ఉత్త చేతులతోని రా. ఈడ అన్ని ఉన్నయి."

అత్త ఫోన్ పెట్టేశాక కూడా నేను లైన్లోనే ఉన్నాను. "చాచా, తబియత్ మంచిగనే ఉందా?"

"నాకేమైంది?"

"మే నెల మంచి సీజనా?"

"షికారుకు వచ్చేటోళ్ళకు ఎప్పుడు రావాల్నో జెప్పొచ్చు బేటా. గామె ఎప్పుడు రావాల్నన్నది గామె చేతిల ఉన్నదా? మల్ల రాకు అని ఏం జెప్త? ఇగ ఫోన్ పెట్టు, నాకు పనున్నది."

ఆ పనేమిటో మర్నాడు నేను ఆదిలాబాద్ చేరాక చూశాను. కింది అంతస్తులో మూడో నంబరు గదిని గుర్తు పట్టలేకపోయాను. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి ఉంది. మూలన కొత్త కుండ, దాని మీద తడిగుడ్డ. మంచం పక్కన పెద్ద కూలర్. బల్ల మీద ఫ్లాస్కు, స్టీలు గిన్నె, చెంచా, విసనకర్ర, గొడుగు, రెండు మెత్తటి తువ్వాళ్ళు, రబ్బరు చెప్పులు. దవాఖానలో రోగి పక్కన కింద పడుకోవడానికి చాప, దుప్పటి, బకెట్, మగ్గు. ఇన్నాళ్ళూ ఆయన ఫోన్లో ఊదరగొట్టిన జాబితాలన్నీ ఒకే గదిలో వచ్చి కూర్చున్నట్టుంది.

చాచీ చేతిలో అట్టముక్కతో విసురుకుంటూ వచ్చింది. "గా కూలర్ మా రూములది. ఎందుకు తీస్కపోతున్నవు అంటే, 'బిస్మిల్లా, మనకు గిదే మంచి సీజన్' అంటుండు." కోప్పడుతూనే తన చేతిలోని నూలు చీరను మంచం మీద పెట్టి వెళ్ళింది. "ఉత్త చేతులతోని రమ్మన్నడట. మార్చుకోనీకె చీరన్న ఉండాలె గద" అంది.

మధ్యాహ్నం రెండింటికి బస్సు వచ్చింది. నేనూ చాచా గొడుగు పట్టుకుని నిలబడ్డాం. ఆ ఎండలో బస్టాండు ఆవరణలో కుక్క కూడా లేదు. పోశవ్వత్త ఒక ప్లాస్టిక్ సంచితో దిగింది. దిగగానే వడగాడ్పు మొహాన కొట్టింది. పొయ్యి మూత తీసినట్టుంది.

"సూసినవా చెల్లె, ఎంత మంచి గాలో!" అన్నాడు చాచా, చెమట గడ్డం మీది నుంచి కారుతుండగా.

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన వంక చూసింది. "అవునన్నా. మంచిగనే ఉన్నది" అంది.

పద్దెనిమిది రోజులు ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ చాచా తన జీవితంలోకెల్లా కష్టమైన ఉద్యోగం చేశాడు. వాతావరణాన్ని దాచిపెట్టడం. వార్తల్లో ఉష్ణోగ్రతలు రాగానే లాబీలో టీవీ కట్టేసేవాడు. పేపర్లో డిగ్రీలు వేసే మూలను కత్తిరించి పెట్టేవాడు. బేరానికొచ్చిన వాళ్ళెవరైనా గేటు దగ్గర "అబ్బ, ఏం ఎండ!" అంటే, "ష్‌!" అని నోటిమీద వేలు పెట్టేవాడు. దవాఖానకు రోజూ రెండుసార్లు చాచీ వండిన జొన్నరవ్వ గట్కా, మజ్జిగ పట్టుకుపోయేవాడు. వార్డులో అంతయ్య మామ చెమటలో మునిగి ఉంటే, "గీ వేడికి బొక్క జల్ది అతుకుతది బావా, నీ నసీబ్ మంచిగున్నది" అని ధైర్యం చెప్పేవాడు. తక్కిన మంచాలవాళ్ళు కూడా నమ్మి, ఫ్యాను తగ్గించమన్నారట.

ఆ పద్దెనిమిది రోజుల్లో మిగతావాళ్ళెవరు ఫోన్ చేసినా మాత్రం మామూలే. గొంతు తగ్గించి, మూడో నంబరు గది వైపు వీపు పెట్టి, "ఇప్పుడు రాకుండ్రి, నలభై ఆరు" అనేవాడు.

మామ ఆపరేషను బాగా జరిగింది. కర్రల సాయంతో లేచి నిలబడ్డాక ఇద్దరూ ఊరికి వెళ్ళారు. మూడు నెలల్లో మామ కర్ర ఒక్కదానితో నడిచాడు. కథ ఇంతటితో అయిపోయిందని నేనూ, చాచా కూడా అనుకున్నాం.

*

మరుసటి మే నెల మొదటి వారం. పొద్దున్నే చాచా ఫోన్.

"లక్ష్మణ్! జర బచాయించు!"

"ఏమైంది చాచా?"

"మీ పోశవ్వ ఫోన్ జేసింది. 'అన్నా, మీ ఊరికి గిదే మంచి సీజన్ అన్నవు గద, మా వాడకట్టోళ్ళకు చూపెట్టనీకె రేపు తోల్కస్తున్న' అన్నది. పదకొండు మంది! తూఫాన్ బండి మాట్లాడుకున్నరట!"

"రాకుండ్రి అనకపోయినవా?"

"ఎట్లంట? పోయినేడు మంచిగుంటది, గీ ఏడు మంచిగుండదంటనా?" గొంతు ఏడ్పులోకి దిగింది. "ఉత్త చేతులతోనే వస్తున్నరట బేటా. నేనే చెప్పిననట!"

జాలేసి నేనూ వెళ్ళాను. మర్నాడు పదింటికి తూఫాన్ బండి వచ్చి ఆగింది. పోశవ్వత్త ముందు సీట్లోంచి, అంతయ్య మామ కర్రతో వెనకనుంచి, మధ్యలోంచి తొమ్మిదిమంది దిగారు. ఒక్కరి చేతిలోనూ సంచి లేదు. గొడుగు లేదు. నీళ్ళ సీసా కూడా లేదు. చాచా ఒక్కొక్కరి ఖాళీ చేతులనూ చూస్తూ పోయాడు. చివరి చేతుల దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకున్నాడు.

మజ్జిగలు, నిమ్మకాయ నీళ్ళు అయ్యాక అత్త అంది. "అన్నా, కుంటాల జలపాతం మస్తు ఉంటదంటరు గద. సూపెట్టు."

మే నెలలో కుంటాల! చాచా నా వంక చూశాడు. నేను సీలింగు వంక చూశాను.

వెళ్ళాం. మెట్లు దిగలేనని మామ పైన చెట్టునీడలో కూర్చున్నాడు. తక్కినవాళ్ళం దిగాం. అక్కడ పెద్ద నల్లటి రాళ్ళు, వాటి మధ్య నుంచి కుళాయి సరిగా కట్టనట్టు సన్నటి ధార. పదిమందీ వరుసగా నిలబడి రాళ్ళను చూశారు. చాచా వాళ్ళ ముందు నిలబడి చేతులు ఆడించడం మొదలుపెట్టాడు.

"అగో, గాడికెల్లి నీళ్ళు వస్తయి. గింత ఎత్తు! గిట్ల వచ్చి గాడ దుంకుతయి. ధన్‌మని సప్పుడు. గీడ నిలబడ్డోళ్ళందరు తడుస్తరు..." అంటూ తుంపరలు మొహాన పడ్డట్టు కళ్ళు కూడా చిట్లించాడు. ఒకామె నిజంగానే కొంగు అడ్డం పెట్టుకుంది.

అంతలో ఆయన చేతులు వాటంతటవే కిందికి దిగాయి. రుమాలుతో మెడ తుడుచుకుని, అత్త వైపు తిరిగాడు.

"చెల్లె, మాఫ్ చెయ్యి. నేను అబద్ధం జెప్పిన. గిది మంచి సీజన్ గాదు. మా ఊరికి గింత పాడు నెల ఇంకోటి లేదు. గప్పుడు నువ్వు పరేషాన్‌ల ఉన్నవని గట్లన్న."

పదిమందీ చాచాను చూశారు. పోశవ్వత్త రాయి మీద కూర్చుని, చెప్పులో దూరిన గులకరాయిని తాపీగా దులిపింది.

"ముప్పై ఏండ్ల సంది మే నెల ఎండల్లనే ఉపాధి పనికి, కూలికి పోతున్న అన్నా. మే నెల ఎట్లుంటదో నాకెరుకలేదా?"

"ఎరుకేనా?" చాచా నోరు తెరిచాడు. "ఎప్పటిసంది?"

"నువ్వు ఫోన్ల జెప్పినప్పుడే ఎరుక. బస్సు దిగినంక ఇంక మంచిగ ఎరుకైంది."

"మల్ల గప్పుడు మంచిగనే ఉన్నది అన్నవు గద!"

"నువ్వు గంత చెమటల నిలబడి సల్లగున్నదంటుంటివి. లేదని ఎట్లంట?" అంది అత్త. "గా పద్దెనిమిది రోజులు నాకు నిజంగనే సల్లగనే ఉండె అన్నా."

చాచా ఎండిన జలపాతం వైపు తిరిగి, దాన్నే చూశాడు. తరువాత గుర్తొచ్చినట్టు గిరుక్కున తిరిగాడు.

"అన్ని ఎరుకైతే, గీ ఎండల గింతమందిని ఎందుకు తోల్కచ్చినవు? ఏం సూపెడ్దామని?"

"గీ రాళ్ళనా?" అత్త నవ్వింది. "నిన్ను సూపెడ్దామని తోల్కచ్చిన. గిట్లాంటి మనిషి ఉన్నడంటే మా వాడకట్టుల ఎవ్వలు నమ్ముతలేరు."

పదిమందీ చాచాను మరోసారి, ఈసారి తీరిగ్గా, కింది నుంచి పై దాకా చూశారు. ఒకామె "మంచిగున్నడు" అంది.

మహమూద్ చాచా సిగ్గుతో ఎర్రబడ్డాడు. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు, మీసం సర్దుకున్నాడు, చొక్కా కిందికి లాక్కున్నాడు. ఆయన మీద ఆయనకే ఏదో అసంతృప్తి కలిగినట్టుంది. గొంతు సవరించుకున్నాడు.

"నన్ను సూడనీకె గూడ ఇప్పుడు రావద్దుండె చెల్లె. ఎండకాలం నేను జర నల్లబడ్త. నవంబర్‌ల రావాలె."